దుబాసీ

లండన్‌లో ముగ్గురు మంత్రులకు
ప్రసంగాలు రాసిచ్చాడట గారెత్ పెన్‌రోజ్.
మూడోవాడు మునిగినప్పుడు
తప్పు మాటలదే అన్నారు.

ఇప్పుడు బంజారాహిల్స్‌లో, మా పార్టీ వార్‌రూంలో
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి
విరిగి పడేదాకా చూస్తాడు.
"మార్పు"కి మీ భాషలో ఇంకో మాట లేదా, అంటాడు.
రోజుకి ఎనిమిది వందల దుబాసీని,
ఆలోచిస్తున్నట్టు నటిస్తాను.

బోరబండ గల్లీలో బాలామణవ్వ
ఖాళీ బిందె అతని చేతికిచ్చింది.
"నల్లా ఎన్నడొస్తదో అడుగు బిడ్డా."

అడిగాను.
ఇరవై రెండేళ్ల కొలువులో
ఇంత పొట్టి ప్రశ్న తగల్లేదేమో,
బిందె పట్టుకునే నిలబడ్డాడు,
కెమెరా వైపు తిరగడం కూడా మర్చిపోయి.

నోరు తెరవలేదు.
నేనే తర్జుమా చేశాను:
"ఎల్లుండే అంటున్నడు అవ్వా."