ఎడమ దవుడ

పొద్దుగాల ఏడింటికి తాళం తీస్తె
ఎలుకల గది నిండ పండ్ల చప్పుడు.
కమ్మీలు కొరుకుడు వాటి పని,
లెక్క రాసుడు నా పని.
పద్నాలుగో డబ్బల చప్పుడు లేదు.

సావలే. మూలకు కూసున్నది.
గింజను ముంగాళ్లతోని పట్టుకొని
కుడి దిక్కు తిప్పుకొని, తిప్పుకొని
కింద పెట్టింది.

మూడు నెలల కింద దాని ఎడమ దవుడకు
కరెంటు పెట్టిన్రు.
మత్తుల పన్నది, లేచింది, మూతి తుడుసుకున్నది.
తర్వాత ఒక పన్ను పీకిన్రు.
"మంచి ఎముకైతే జల్దిన పూడుతది ఓదెలూ"
అన్నది నుజ్‌హత్ మేడం.
పూడలే.
అంచుకు చిగురు ఎర్రగనే ఉన్నది,
లోపల ఎముక సున్నపు పెళ్ల.

నేను కొత్తవాడోన్ని.
జంపఖానాలు నేసే ఇంట్ల పుట్టి
హన్మకొండల ఎలుకలకు నీళ్లు పోస్తున్న.
ఎముకల సంగతి నాకు తెల్వది,
కనకక్క సంగతి తెలుసు.

కండెలు చుట్టుకుంట తంబాకు నమిలేది.
పట్నంల ముప్పై మూడు దినాలు కరెంటు,
గడ్డ కరిగినంక కొమురెల్లిల పట్నం.
మొక్కు తీరింది, ఇగ అయిపోయిందనుకున్నం.
రెండేండ్లకు పన్ను సలిపితె
పరకాల అంగడికి పోయినప్పుడు పీకిచ్చుకున్నది,
ఎవ్వలకు చెప్పలే.
కరెంటు సంగతి ఆ పండ్ల డాక్టరుకు సుత చెప్పలే.
ఆయన అడగలే.

గప్పటిసంది అన్నం పిసికి పిసికి
కుడి దిక్కే.
నవ్వొస్తె కొంగు అడ్డం.

నిన్న మేడం పిలిచి అద్దంల చూపిచ్చింది.
తొమ్మిదోదాని దవుడ,
ఉల్లిపొర కంటె సన్నగ కోసి రంగేసిన్రు.
దాని నిండ సిన్న సిన్న గూళ్లు.
"ఒక్కో గూట్ల ఒక్కో కణం ఉండాలె.
ఎముకను బతికిచ్చేది అదే. కనబడ్డదా?"

ఎంత సేపు చూసినా ఒక్కటి లేదు.
గోడలు మాత్రం సక్కగున్నయి.
మా గల్లీల ఇండ్ల లెక్క,
గుంత ఉన్నది, మగ్గం ఉన్నది,
గుంతల కాళ్లు పెట్టెటోడు లేడు.

కొత్త మందు కుడి వరుస డబ్బలకు.
పద్నాలుగు ఎడమ వరుస.
బేస్తారం దాని వంతు.
మేడం నా మొకం చూసి
"పోల్చి చూడకుంటె మందు పనిజేసిందని ఎట్ల తెలుస్తది" అన్నది.
నేనేం అడగలే.

గింజలు నానబెట్టి పెట్టిన.
పుస్తకంల రాసిన: పద్నాలుగు, మెత్తటి తిండి.
తినెదాంక నిలబడ్డ. అది రాయలే.

పొద్దూకినంక అక్కకు ఫోన్ చేసిన,
ఏం మాట్లాడాల్నో తెల్వక
"ఏం తిన్నవే?" అన్న.
"జావ," అన్నది.
"నువ్వో?"