గరగర

పీణ్యా రెండో స్టేజీ, మా లేతు షెడ్డు.
రాత్రి పదకొండు దాటింది.
పద్నాలుగు కిలోల ఇనప పొట్టేలు
బల్ల మీద వెల్లకిలా, నాలుగు చక్రాలూ పైకి.
పొద్దున తొమ్మిదికి పందెం.

మధ్యాహ్నం కాలేజీ గ్రౌండులో ట్రయల్.
రిమోట్ మీద కుముద కుడి అంటే కుడికే పోయింది,
ఎడమంటే ఎడమకే.
ముందున్న డ్రమ్ము తిరగడం మొదలైందో లేదో
పూనకమొచ్చినట్టు ఊగి
పోయి గోడను గుద్దింది.

"యశవంతపురం టీమోళ్లు జామర్ పెట్టినారు మామా"
అన్నాడు నజీరు.
ఆ పిల్లల బ్యాగుల వైపు అందరం ఓరగా చూసినాం.
షెడ్డుకు తెచ్చినా అదే పూనకం.
"దూరం నుంచి కూడా చేస్తారు మామా."
నేను పక్క షెడ్డు వెల్డింగును తిట్టినా,
మీద పోయే హైటెన్షన్ తీగల్ని తిట్టినా.
తిట్టడానికి బ్యాటరీ అక్కర్లేదు.

కుముద ఏమీ అనలేదు.
నా పాత ట్రాన్సిస్టర్,
రబ్బరు బ్యాండుతో మూత కట్టింది,
దాన్ని తీసి
ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి
పొట్టేలు చుట్టూ తిప్పింది,
దిష్టి తీసినట్టు.

తలుపు దగ్గర ఏమీ లేదు.
తీగల కింద ఏమీ లేదు.
డ్రమ్ము మోటారు దగ్గరకొచ్చేసరికి
ఇసుకలో శెనక్కాయలు వేయించినట్టు
గరగర గరగర.

దొంగ ఇంట్లోనే ఉన్నాడు.
బొగ్గు బ్రష్షు రాసుకున్నప్పుడల్లా ఒక నిప్పురవ్వ,
రవ్వ రవ్వకీ ఒక కేక.
ఇన్ని కేకల్లో కుముద మాట
సంతలో తప్పిపోయిన పిల్ల గొంతు.
పొట్టేలుకు చెవుడు లేదు.
దాని అరుపే దాని చెవి నిండా.

ఎస్పీ రోడ్డులో రెండ్రూపాయలకొకటి తెచ్చిన
పప్పుబద్దంత కెపాసిటర్లు మూడు.
ఒకటి రెండు కొసల నడుమ,
తక్కిన రెండూ కొసల నుంచి మోటారు ఒంటికి.
పెయింటు గీకితే గానీ టంకం పట్టలేదు.
నా వేలు కాలింది. నజీరు నవ్వినాడు.
విడివిడిగా వేలాడే తీగల్ని
తాడు పేనినట్టు పేనినాం.
ఉక్కు మూత కింద ముడుచుకున్న ఏరియల్‌ను
బోండాం స్ట్రాలో దూర్చి నిలబెట్టినాం.

టంకం టంకానికీ గరగర
ఒక్కో మెట్టు దిగింది.
మూడు గంటలప్పుడు,
డ్రమ్ము పూర్తి వేగంలో ఉండగానే,
ఏ స్టేషనూ లేదనుకున్న చోట
ఎవరో మాట్లాడుతున్నారు.
ఏ భాషో తెలీలేదు.
ముగ్గురం నిలబడి విన్నాం.

రెండో రౌండులో ఓడిపోయినాం.
యశవంతపురం పిల్లల సుత్తి దెబ్బకు
ఒక చక్రం ఊడి అద్దాల దాకా దొర్లింది.
మూడు చక్రాల మీద కుంటుతూనే
కుడి అంటే కుడికి తిరిగింది,
ఎడమంటే ఎడమకి.
ఆగమంటే ఆగింది.

తర్వాత ఆ పిల్లలకు
నజీరు టీ తాగించినాడు.
ఎందుకో చెప్పలేదు.