ఉత్తరం తలేసిన సూది

పాడైన స్పీకరు పొట్ట చీల్చి
మైకుసెట్టు ఏసురత్నం ఇచ్చాడు అయస్కాంతం.
బల్ల మీద పెట్టగానే
గుండుసూదులన్నీ లేచెళ్లి కావలించుకున్నాయి.

కుట్టుసూది కనకమాలచ్చిది.
"సాయంత్రానికి మా అమ్మకి తిరిగిచ్చెయ్యాలండీ"
ఒట్టేయించుకుని మరీ ఇచ్చింది.

ఒకే వైపు, అన్నాను.
చెల్లికి చిక్కు తీసినట్టు
మొదట్నుంచి మొనదాకా దువ్వి, ఎత్తి,
గాల్లోంచి వెనక్కి తెచ్చి, మళ్లీ.
అటూ ఇటూ రుద్దారో
నేర్చిందంతా మరిచిపోతుంది.
నలభైసార్లు.
ముప్ఫై మూడు దగ్గర లెక్క తప్పి, కొట్టుకుని,
మళ్లీ ఒకటి నుంచి.

రూపాయి బిళ్లంత జీలుగు బెండు,
అన్నం పళ్లెంలో నీళ్లు.
సూది తేలింది. కదిలింది.
నేరుగా వెళ్లి
పళ్లెం అంచుకి ముక్కానించి ఊరుకుంది.
నా పాఠం అక్కడే మునిగింది.
"ఆకలేసిందండీ దానికి" అన్నారెవరో వెనకనుంచి.

కన్నున్న చిప్ప కారుతుందని
కన్నులేని కొబ్బరిచిప్ప ఏరి తెచ్చారు.
ఈసారి కాస్త తడబడి, నిలిచింది.
చిప్ప తిప్పారు, ఊదారు, వేలితో పొడిచారు.
వణికి, మళ్లీ అటే.
పోటుకి పైకీ పాటుకి కిందికీ
రోజూ మనసు మార్చుకునే ఉప్పుటేటి పక్కన
మాట మీద నిలబడ్డది ఇదొక్కటే.

"అదే ఉత్తరం" అన్నాను.
బుల్లబ్బులు లేచాడు:
"అయితే లేపెయ్యండి టీచరండీ,
ఉత్తరం తలేసి పడుకోకూడదంటది మా మామ్మ."

నవ్వు ఆగేసరికి చూశాను.
గోడ మీద పటంలో సముద్రం తూర్పున, నీలంగా.
సూది తోక మాత్రం
కిటికీలోంచి, సరుగుడు తోపు మీదుగా
హోరు వినపడే వైపుంది.
దక్షిణం.
ఈ ఊరి సముద్రం దక్షిణాన ఉంది.
రామచంద్రపురం నుంచొచ్చి ఏడేళ్లు,
ఏడేళ్లూ తూర్పనే చెప్పాను.

"మాకు తెల్సండి" అంది కనకమాలచ్చి.
"పొద్దు లేసేది కొబ్బరితోటల్లో,
కుంగేది వశిష్ఠలో.
సముద్రానికి రెండూ పట్టవండి."
మరి చెప్పలేదేం?
"పుస్తకంలో తూర్పని ఉంది కదండీ."

పటం దించలేదు.
కింద సుద్దముక్కతో చిన్న బాణం గీశాను,
దానికి పేరేం పెట్టాలో తోచక వదిలేశాను.

రాత్రి ఎనిమిదింటికి
కనకమాలచ్చి వాళ్లమ్మ కబురంపింది:
జాకెట్టుకి హుక్కులు కుడదామంటే
డబ్బాలో హుక్కులన్నీ సూదికే వేలాడుతున్నాయట.
ఏం చెప్పి పంపారు దీనికి, అని.