బ్యూగిల్‌లో మీట

నాకు బ్యూగిల్ ఊదడం రాదు.
ఈ సంగతి దాచమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు,
అడిగినవాళ్లు లేరు, అంతే.
దాని వెడల్పాటి మూతిలోకి గరాటు లాంటి డబ్బా ఒకటి దూరుస్తాం.
మీట నొక్కాక అయిదు సెకన్లు.
ఆ అయిదింటిలో ఇత్తడిని పెదాలకు ఆనించి
బుగ్గలు పూరించీ పూరించనట్టు పెట్టి
రెప్ప వేయకుండా నిలబడాలి.
మా దళంలో నిజంగా ఊదగలవాడు ఒక్కడే.
ఆవేళ అతను జ్ఞానదంతం పీకించుకున్నాడు.

అక్టోబరు. నార్త్ డకోటా.
నల్లరేగడిలోంచి బీట్‌దుంపలు తవ్వుతున్నారు.
పెట్టెను తెస్తున్న బండిని చూసి లారీలు రోడ్డు వారకు ఒదిగాయి.
డ్రైవర్లు దిగి టోపీలు తీశారు,
మట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఆ టోపీల వెనకే దాచుకున్నారు.

వస్తున్నది ఆర్విన్ టోలెఫ్స్‌రూడ్.
పందొమ్మిదేళ్లు. కొరియా, యాభయ్యో సంవత్సరం, డిసెంబరు మంచు.
ఆర్విన్ అంటే, అతనిలో మిగిలినంత:
ఎడమ తొడ ఎముక, సగం దవడ, వేలి కణుపులు రెండు.
కంబళిలో చుట్టి, పిన్నులు పెట్టి,
దానిమీద కొత్త యూనిఫాం పరిచారు
నిండు మనిషి పడుకున్నట్టు.
మోసినవాళ్లు ఆరుగురు.
బరువంతా పెట్టెదే.

డెబ్బై మూడేళ్లు ఒక అంకె కింద పడి ఉన్నవాణ్ణి
చెల్లెలి చెంప లోపల
దూదిపుల్లకు అంటిన ఉమ్మి పోల్చుకుంది.
ఆర్డిస్‌కి ఇప్పుడు ఎనభై నాలుగు.
ఎనిమిదేళ్లు పెద్దవాడైన అన్నయ్య
మనవడి ఈడువాడై వచ్చాడు.

తుపాకులు మూడుసార్లు పేలాయి.
మొదటిదానికి ఆమె ఉలిక్కిపడింది. తర్వాత లేదు.
జెండాకి పదమూడు మడతలు;
చారలన్నీ లోపలికి పోయి చుక్కలే పైన మిగిలాయి.
లెఫ్టినెంట్ మోకాలి మీద వంగి
కృతజ్ఞత నిండిన దేశం తరఫున, అని మొదలుపెట్టాడు.
"గట్టిగా చెప్పు నాయనా, వినపడదు" అంది.
అదే వాక్యం అరిచి చెప్పాల్సి వచ్చింది.
అరిస్తే అది వేరే వాక్యంలా ఉంది.
స్మశానం అవతల ఎవరో ట్రాక్టర్ ఆపేశారు.

నేను మీట నొక్కాను.

తర్వాత చర్చి నేలమాళిగలో కాఫీ,
గుడ్డు పెట్టిన సాండ్‌విచ్‌లు, కాగితపు పళ్లాలు.
ఆమె కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది.
"మాటలు వినపడవు గానీ నీది వినపడింది.
ఒక్క స్వరం జారలేదు."
మెచ్చుకోలో ఫిర్యాదో పోల్చుకోలేకపోయాను.
"ఆర్విన్ స్కూలు బ్యాండులో కార్నెట్ వాయించేవాడు.
అమ్మ ఇంట్లో వద్దంటే పశువుల కొట్టంలో.
పైస్వరం దగ్గరికొచ్చేసరికి తప్పేవాడు, ఎప్పుడూ.
మా కుక్క మోర ఎత్తి ఏడ్చేది.
ఇవాళ సరిగ్గా అక్కడ, జారుతుందేమోనని
ఊపిరి బిగబట్టుకుని కూచున్నాను."
కాసేపు ఆగింది.
"ఎవరు నేర్పారు నీకు?"

ప్యాంటు జేబులో డబ్బా తొడకు ఒత్తుకుంటోంది.
"ఇంకా నేర్చుకుంటున్నానండీ" అన్నాను.
నా పళ్లెంలో మరో సాండ్‌విచ్ వేసి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బండి ఒక చేను పక్కన ఆపాను.
డబ్బా పీకి సీటు మీద పడేశాను.
ఊదాను.
మందనుంచి తప్పిపోయిన దూడ అరుపు ఒకటి వచ్చింది,
సగంలో తెగిపోయింది.
ఏ కుక్కా మోర ఎత్తలేదు.
లారీ ఒకటి ఊపుతో దాటిపోయింది,
దానిమీంచి దుంపొకటి జారి దొర్లుకుంటూ వచ్చి
మెరుగుపెట్టిన నా బూటుకు మట్టి అంటించి ఆగింది.
పెదాలు తడుపుకున్నాను.