మూడో సీసా

పొద్దున ఆరున్నరకే వచ్చినారు బోర్డు జీపులో ఇద్దరు.
చేతులకి తెల్ల తొడుగులు, సంచిలో ప్లాస్టిక్ సీసాలు మూడు.
వర్తూరు చెరువు తూము కింద
నా ముప్పై గుంటల మడిలో
దంటాకు కోసి కట్టలు కడతా ఉంటి.

"ఈ నీళ్ళెక్కడివి?" అన్నాడు చిన్నాయన.
ఏం చెప్పేది?
రాత్రి పదమూడో అంతస్తులో ఎవరో తలస్నానం చేసినవి,
ఏ ఫంక్షన్ హాల్లోనో గుండిగలు కడిగినవి,
ఏ చంటిబిడ్డ గుడ్డలో జాడించినవి.
అక్కడ్నుంచి బయల్దేరేటప్పుడు ఎవరివీ కావు.
నా గనిమ దాటేసరికి నావైపోయినాయి.

ఒక సీసా కాలవలో ముంచినాడు.
ఒకటి మడిలో.
మూడోది ఖాళీగానే జీపెక్కింది.
దాన్నెక్కడ నింపాల్నో నేను చూపిద్దును:
అద్దాల మేడ వెనక, కాంపౌండు గోడ అడుగున,
రాత్రి రెండింటికి నోరు తెరిచే గొట్టం ఒకటుంది.
అడగలా.

కాగితమిచ్చి పోయినారు.
మా మునిరత్న బడికి పోబోతా నిలబడి చదివింది.
మురికినీళ్ళతో ఆకుకూరలు పండించరాదు.
ఎరువు చెరువులోకి కొట్టుకుపోకుండా చూడవలె.
మంచి మాటలే రెండూ. కాదనేదానికేముంది?
రాసినాయన కింద ఇంకో వరస రాసుంటే బాగుండు,
మరి ఏ నీళ్ళతో పండించాల్నో.
వెయ్యిన్నూరు అడుగులు దింపినా బోరు.
తెల్లటి రాతిపొడి పైకొచ్చింది, అంతే.
అప్పు మాత్రం
ఈ పొద్దుటికీ ఊరతానే ఉంది.

ఎనిమిదికి గేటు ముందర బండి నిలబెడితే
కళ్ళద్దాలామె వస్తాది, కట్టను తిప్పి తిప్పి చూస్తాది.
ఆకుకి చిల్లుంటే పురుగు.
చిల్లు లేకుంటే మందు.
వేరుకి మన్నుంటే మురికి,
మన్ను లేకుంటే, ఏ నీళ్ళలో కడిగినావు?
నాతో కన్నడంలో బేరమాడి
పక్కనామెతో తెలుగులో అంటాది
"డబ్బుకోసం విషం పెట్టేస్తున్నారు ఈ రైతులు" అని.
నాకు అర్థం కాదనుకొని.
నేను చిల్లర లెక్కపెడతా ఉంటా.

పోయిన వానల్లో నురగ లేచి రోడ్డు దాటి
వాళ్ళ గేటు దాకా వచ్చింది, దూదిబేళ్ళ మాదిరి.
ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకున్నారందరూ.
ఆ సోపు వాసన ఏ ఇంట్లోదో
ఒక్కరూ గుర్తుపట్టలా.

నా తప్పూ ఉంది. దాచేదేముంది.
ఆషాఢంలో మబ్బు చూసి కూడా యూరియా చల్లితి.
తెల్లారేసరికి మూట మొత్తం చెరువే తాగింది.
ఇంకోటి ఉంది, జీపాయన అడగనిది.
మా ఇంటి వెనక నాలుగు మూరల పాదు.
ట్యాంకరు నీళ్ళు చెంబుతో పోసి
మా పిళ్ళమ్మ పెంచే కొత్తిమీర, సబ్సిగాకు.
మేం తినేది అది.
కాలవ మడిలోది మా పొయ్యి మీదికి రాదు.
ఈ మాట అడిగుంటే
నా మొగం ఏ గనిమ చాటున పెట్టుకుందును?

నిన్న ఏమనిపించిందో,
పెరటి కొత్తిమీర ఒక పిడికెడు కోసి
ఆమె కోసమని బండిలో విడిగా పెట్టుకున్నా.
చేతికిస్తే ముక్కు దగ్గర పెట్టుకుంది.
ఒక్క గడియ కళ్ళు మూసుకుంది కూడా.
అంతలోనే బొమ్మలు ముడిపడినాయి.
"ఎప్పుడూ లేంది ఇంత వాసనేంది దీనికి?"
పక్కనామె వైపు తిరిగింది. "ఏం కలిపినాడో ఏమో!"

"నీళ్ళమ్మా," అన్నా.
తెలుగులోనే అన్నా.

ఆమె చెయ్యి ఆగిపోయింది.
నన్ను చూసింది, ఆకుని చూసింది,
ఎన్నాళ్ళ మాటలు లెక్కేసుకుందో మరి,
కట్టను మెల్లగా బండిలోనే పెట్టి
లిఫ్టు దిక్కు నడిచింది.

కొత్తిమీర మధ్యాన్నానికి వాడిపోయింది.
ఇంటికి తెచ్చి చారులో వేసుకున్నాం.