మూడో పాదం

నా పుస్తకాలు మూడు. మూడూ మంచం కింద
అట్టపెట్టెల్లో ఉన్నాయి, కట్లు కూడా విప్పలేదు.
గుణుపురంలో జనం నోటికొచ్చిన నా పద్యం ఒక్కటే.
దాని మీద నా పేరు లేదు.

అప్పటికి పద్దెనిమిదేళ్ళు నాకు.
కాలేజీ మైదానం, సున్నంతో గీసిన వంకర గీతలు,
నౌపడా నుంచి వచ్చే చిన్నబండి కూత వేస్తే
హాఫ్‌టైమ్ అయినట్టు లెక్క.
ఫైనల్లో మాకు ఎదురు, కొండమీది సవరల జట్టు.
సగం మందికి బూట్లు లేవు.
నల్లదారానికి చెక్క సిలువ, చెమటకు ఛాతీకి అంటుకుని.
గోల్‌లో సిలాస్ రైతా,
జీలుగు చెట్లెక్కి కాయలు కాసిన చేతులు.

ముందురోజు రాత్రి కిళ్ళీకొట్టు బల్ల మీద
సిగరెట్ పెట్టె చింపి నాలుగు పాదాలు రాశాను.
పాలపొడికి ప్రాస కుదిరింది.
గోధుమనూకకూ కుదిరింది.
దేవుణ్ణి డబ్బాతో కొలిపించుకున్నారని
ఒక పోలిక తట్టి, నాలో నేనే నవ్వుకున్నాను.
చెప్పకూడదు గానీ, ఆ తర్వాత
ఏదీ నాకంత సులువుగా రాలేదు.

మిగతాది ఇక్కడ రాయను.
రాస్తే మీ నోటికీ వచ్చేస్తుంది. అలా కట్టాను దాన్ని.

మర్నాడు కోమటివీధి కుర్రాళ్ళు, ఒడియా మాస్టారి కొడుకులు,
రైల్వే క్వార్టర్ల బెంగాలీ ఒకడు,
అర్థం తెలియనివాడు కూడా
చప్పట్లు కలిపి అరిచారు.
మా అమ్మకు పురుడు పోసింది మిషన్ ఆసుపత్రి నర్సమ్మ.
పాలు పడకపోతే ఆ డబ్బా పొడే తాగి బతికానని
ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.
ప్రాస వెతికేటప్పుడు అది గుర్తు రాలేదు.

అటువైపు నుంచీ ఏదో లేచింది, డోలు దెబ్బతో, సవర మాటల్లో.
మనకు తెలియని మాట గనక తిట్టే అనుకున్నాం.
(తిట్టేనట. చాన్నాళ్ళకు ఒకడు విప్పి చెప్పాడు:
రాయికి బొట్టు పెడితే బంతి ఆపుద్దా, అని.
అదీ బాగానే ఉంది.)

ఆఖరి నిమిషాల్లో మాకు పెనాల్టీ.
జగ్గు పాణిగ్రాహి బంతి పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచాడు.
వెయ్యి గొంతులు నా పద్యం ఎత్తుకున్నాయి.
నా ఒళ్ళు జలదరించింది. సిగ్గుతో కాదు.
సిలాస్ ఎడమకు దూకాడు.
బంతి అతని పొట్టకింద, పిల్లిపిల్లలా.

ఒక్క గోలుతో వాళ్ళే గెలిచారు.
ఆ సాయంత్రం వంశధార వంతెన దగ్గర
వాళ్ళ లారీ మీద రాళ్ళు పడ్డాయి.
నేను విసరలేదు.
చాలా ఏళ్ళు ఈ వాక్యం దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

మొన్న రాయగడ ఆసుపత్రిలో, మందుల కిటికీ ముందు
నా ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు.
కనుబొమ మీద పాత కుట్లు.
“ఆ పాట కట్టినోడివి నువ్వేగదా?”
కాదందామనుకున్నాను.
ముప్పై ఎనిమిదేళ్ళలో నా పద్యం గురించి
నన్నడిగిన మొదటి మనిషి. అవునన్నాను.
అతను గొంతు తగ్గించి మొత్తం చదివాడు,
అక్షరం పొల్లుపోకుండా, చీటీ మడతపెడుతూ.
“మూడో పాదంకాడ ఒక మాట ఎక్కువైపోయింది సారూ.
అక్కడికొచ్చీసరికి మీవోళ్ళు తడబడీవోరు, చప్పట్లు తెగిపోయేవి.
ఆ సందులోనే జగ్గు కాలు చప్పుడు ఇనబడింది నాకు.
ఏ పక్కకి కొడతాడో తెలిసిపోయింది.”
అతని నంబరు పిలిచారు. వెళ్ళిపోయాడు.

నిన్న మా వీధి చివర పిల్లలు ఆడుతున్నారు.
మసీదు వెనకాల జట్టుతోనట పందెం.
పాలపొడి ఉన్నచోట ఇంకో మాట పెట్టారు.
మూడో పాదంలో ఎక్కువైన మాటను
ఎవరో, ఎప్పుడో, తీసేశారు.

ఇప్పుడది ఎక్కడా ఆగదు.