నాలుగు కిలోల వేలు

శిక్షణ మొదటి వారం
మాకు స్నానాల గదిలో వాడే తూకం ఒకటి ఇచ్చారు.
దానిమీద బొటనవేలు ఆన్చి నొక్కాలి,
ముల్లు నాలుగు దగ్గర నిలబడేదాకా.
ఒక్కసారిగా కాదు, సెకనుకు కిలో చొప్పున,
గోరు కింది ఎరుపు తెల్లబడేదాకా.
రోజుకు యాభైసార్లు.
చివరికి తూకం తీసేసినా
వేలికి నాలుగు కిలోలు కంఠతా వచ్చేశాయి.

మా అమ్మ నవ్వింది.
వూచ్ నగరం, బావూతి సంతలో
ముప్పై ఏళ్లు బీట్‌రూట్ అమ్మిన మనిషి,
తక్కెడ మీద వేలు పెట్టిందని
ఒక్కరిచేతా అనిపించుకోని మనిషి.
"ఆ పనికి నీకు జీతం కూడానా!" అంది.

ఇప్పుడు వేలు కాదు, పరికరం.
గడియారం లాంటి ముఖం,
చివర చొక్కా గుండీ అంత రబ్బరు బొడిపె.
రోజంతా నేను చెప్పే మాట ఒక్కటే,
ప్రతిసారీ మొదటిసారిలా చెప్పాలి:
"ఒత్తిడి నొప్పిగా మారిన క్షణాన
'ఇప్పుడు' అనండి.
ఓర్చుకోవద్దు. ఇది పోటీ కాదు."

బోగుమీవా వచ్చిన రోజు
ట్రాములు మంచులో ఆగిపోయాయి.
మూడు స్టాపుల దూరం నడిచి వచ్చింది.
కోటు విప్పడానికే నాలుగు నిమిషాలు.
సాయం చేయబోతే చూపుతోనే ఆపింది.
నూలుమిల్లులో పద్దెనిమిదేళ్లు, అది మూతపడేదాకా,
తర్వాత ఎవరివో ఆఫీసు మెట్లు తుడవడం.
చీటీలో ముందటి డాక్టరు రాత:
ఎక్స్‌రే మామూలు. రక్తం మామూలు.
రోగి మాత్రం నొప్పి అంటోంది.

మెడకూ భుజానికీ నడుమ, కుడివైపు.
అర కిలో.
బయట ఎవరో పారతో మంచు గీకుతున్నారు.
ఒకటి.
ఒకటీ పాతిక
"ఇప్పుడు."
కాలే గిన్నె తగిలిన చెయ్యి
వెనక్కి వచ్చినట్టు వచ్చిందా మాట.
మోచేయి, ఒకటిన్నర.
మోకాలి లోపలివైపు, ఒకటి కూడా నిండలేదు.
నుదుటి నడిమధ్య,
పోల్చుకోవడానికి మేం ఉంచుకున్న చోటు,
అక్కడా "ఇప్పుడు" అనేసి
"అక్కడ ఉండకూడదా?" అంది, తప్పు చేసినదానిలా.

రాసుకుంటున్నాను.
"మా చెల్లెలి మనవడు వాటేసుకుంటే ఎంతుంటుంది?"
తెలియదన్నాను.
కాసేపు లెక్కేసుకుంది.
"కిలోన్నర ఉంటుంది. కోటు మీదుగా అయితే."

తర్వాత చెయ్యి చాచింది, ఇటివ్వమని.
నిబంధనల్లో లేదు. ఇచ్చాను.
నూలు బిగువు చూసిన చేతులు,
ముల్లు తొణకలేదు.
రెండు. మూడు.
నాలుగు, నా వేలికి వచ్చిన నాలుగే,
దాన్ని ఇటువైపునుంచి ఎప్పుడూ చూడలేదు.
కిటికీ మసకబారింది.
ఐదు దగ్గర తనే ఆపేసింది.

"ఎక్కడ మొదలైంది?"
"మూడు దగ్గర."
"మరి అనలేదేం?"

గదిలో హీటరు టిక్కుమంటోంది.
"నేనూ," అంది కోటు చేతులు వెతుక్కుంటూ,
"యాభై ఏళ్లొచ్చేదాకా ఐదు దగ్గరే ఉన్నాను."

అంకెలున్న కాగితం అడిగి తీసుకుంది.
నాలుగు మడతలు పెట్టి గ్లవ్‌లో, అరచేతి వైపు దోపుకుంది.

ఆదివారం అమ్మ సూపుకి బీట్‌రూట్ తరుగుతోంది.
వెనకనుంచి వెళ్లి భుజం మీద వేలు ఆన్చాను,
ముద్దు చేస్తున్నట్టే.
ఒకటి.
రెండు కాబోతుండగా
చాకు ఆగింది.
చెక్క మీద ఎర్రటి నీళ్లు అంచుదాకా పాకాయి.
అమ్మ ఏమీ అనలేదు.
వేలు తీసేశాను.
నా దగ్గర ముల్లు లేదు, ఒట్టేసి చెప్పలేను,
రెండు నిండలేదని మాత్రం నా వేలికి తెలుసు.

"ఈసారి దుంపలు పీచుగా ఉన్నాయి," అంది అమ్మ.
చాకు మళ్లీ కదిలింది.